ఇటలీ మడమ దగ్గర మా నలుగురి తిండి తిప్పలు

మొదటి రాత్రి సంగతి ముందే చెప్పేస్తా, ఆ రాత్రి మా పరువు అలా పోకపోయుంటే మిగతా నాలుగు రోజులు అంత బాగా తినేవాళ్ళమే కాదు. మ్యూనిక్ నుంచి ఇటలీ దక్షిణాన ఉన్న బారీకి ఫ్లైట్, రెండు గంటలు కూడా పట్టలేదు, రూముకెళ్ళి బ్యాగులు పడేసి బయటికొచ్చేసరికి సాయంత్రం ఐదున్నర, మధ్యాహ్నం ఎవరం సరిగ్గా తినలేదు, కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి, చూస్తే వీధి మొత్తం మీద ఒక్క హోటల్ తెరిచి లేదు. అక్కడ మధ్యాహ్నం వంట రెండున్నర, మూడుకల్లా కట్టేస్తారు, మళ్ళీ పొయ్యి వెలిగేది ఏడున్నర ఎనిమిదికే, మనకేమో సాయంత్రం ఆరింటికి బజ్జీల బండి కనపడకపోతే ప్రపంచం ఆగిపోయినట్టుంటుంది. తెరిచున్న ఒకే ఒక్క చోట, బయట ఫోటోలతో ఇంత పెద్ద మెనూ బోర్డు, ఐదారు భాషల్లో రాసుంది, అప్పుడే అనుమానం రావాల్సింది. వెళ్ళి కూర్చుని కార్బొనారా, లసాన్యా అనే పాస్తాలు, రెండు పిజ్జాలు చెప్పాం. పిజ్జా అంచులు మాడాయి, మధ్యలో ఇంకా ఫ్రీజర్ చల్లదనం పోలేదు. బిల్లు 70 యూరోలు దాటింది, అందులో "కొపెర్తో" అని మనిషికి 3 యూరోలు వేరే. అది కూర్చున్నందుకు, బల్ల మీద బ్రెడ్ పెట్టినందుకు వేసేది, ఇటలీలో మామూలే, మెనూలో రాసే ఉంటుంది కూడా, కానీ మా గుంటూరోడు మాత్రం "నేనా బ్రెడ్డు ముట్టుకోలేదు కదా" అని పది నిమిషాలు వాదించి ఓడిపోయి వచ్చాడు.

మేమెవరో చెప్పలేదు కదా. నేను రాజమండ్రి, నా రూమ్మేట్ తిరుపతి పిల్ల, పక్కా వెజ్, గుడ్డు కూడా తినదు, ఆమె ఆఫీసులో పనిచేసే గుంటూరోడు, ఇంకా మా అందరికంటే పెద్దవాడు, జర్మనీకొచ్చి పదేళ్ళైన కరీంనగర్ అన్న. అక్టోబర్ చివర్లో సెలవులు కలిసొచ్చాయి, ఐదు రోజులు. రూమ్మేట్ బ్యాగులో ముందుజాగ్రత్తగా గోంగూర సీసా, కందిపొడి, ఒక కిలో బియ్యం.

ఆ రాత్రి రూముకొచ్చాక అన్న రూల్ పెట్టాడు. "కార్బొనారా రోముది, లసాన్యా బొలోన్యాది, మనం కూసున్నది బారీల. ఇజయవాడకొచ్చి వడాపావ్ అడిగినట్టుంది మన కత. రేపట్నించి ఏ ఊరికి పోతే గా ఊరిదే తినాలె, ఒకపాలి తిన్నది మళ్ల తినొద్దు." నిజమే కదా అనిపించింది. 1861 దాకా ఇటలీ అని ఒక దేశమే లేదు, ముక్కలు ముక్కలుగా వేరే వేరే రాజ్యాలు, ఈ పూల్యా అనే దక్షిణ ప్రాంతం (మ్యాపులో బూటు మడమ ఉంటుంది చూడండి, అదే) నేపుల్స్ రాజుల కింద ఉండేది. ఉత్తరాన వెన్న, గుడ్లు, మాంసం. ఇక్కడేమో ఆలివ్ నూనె, గోధుమ, పప్పు, ఆకులు. ఇంట్లో డబ్బుల్లేనప్పుడు వండుకున్న వంట అని దానికి పేరు కూడా ఉంది వాళ్ళకి, కుచీనా పోవెరా, అంటే పేదింటి వంట. మాకు తెలియకుండానే రూమ్మేట్‌కి సరిపోయే చోటికి వచ్చి పడ్డాం అనమాట.

పొద్దున్నే పాత బారీకి వెళ్ళాం. సన్న సందులు, పైన ఆరేసిన బట్టలు, కింద బేకరీ ముందు జనం. బారీ ఫొకాచ్చా అని ఒక రొట్టె, పిండిలో ఉడకబెట్టిన బంగాళాదుంప కలుపుతారు, గుండ్రటి ఇనప పళ్ళెంలో నూనె ధారాళంగా పోసి, టొమాటోలు చేత్తో చిదిమి, ఆలివ్ కాయలు, ఒరెగానో వేసి కాలుస్తారు. పైన మెత్తగా, అడుగున కరకరా. కాగితంలో చుట్టిస్తే నిలబడి తినడమే, చేతులనిండా నూనె, మనిషికి రెండు యూరోలు కూడా అవలేదు, ముందు రాత్రి పోయిన 70 గుర్తొచ్చి ఇంకా మండింది.

తర్వాత ఒరెక్కియెత్తె అనే పాస్తా. చిన్న చెవులు అని అర్థం. ఆ సందుల్లో ఆడవాళ్ళు గుమ్మాల ముందు బల్లలేసుకుని చేస్తుంటారు, కబుర్లు చెప్పుకుంటూ, చేతుల వైపు అసలు చూడరు. మా రూము ఓనరావిడ వాళ్ళ పెద్దమ్మ ఇంట్లో నేర్చుకోవడానికి మాట్లాడి పెట్టింది, రెండు గంటలు, చేసింది మనమే తినాలి. పిండి చూడగానే నాకు బొంబాయి రవ్వని ఇంకోసారి తిరగలిలో వేసినట్టనిపించింది, గట్టి గోధుమల నుంచి తీసిన సన్న రవ్వ, గోరువెచ్చని నీళ్ళు, కాస్త ఉప్పు, అంతే, గుడ్డు లేదు. రూమ్మేట్ రెండుసార్లు అడిగింది గుడ్డు లేదా అని, పెద్దావిడ నవ్వింది, గుడ్లు పాస్తాలో కలుపుకునేంత కలిగినవాళ్ళు ఉత్తరాన ఉంటారంట, వీళ్ళ చిన్నప్పుడు గుడ్డు ఉంటే అమ్ముకునేవాళ్ళంట.

పిండిని వేలు మందాన తాడులా చేసి, సెనగ గింజంత ముక్క కోసి, మొద్దు చాకుతో బల్ల మీద తన వైపుకి లాగుతుంది, అది చుట్టుకుంటుంది, వెంటనే బొటనవేలి మీద తిరగేస్తుంది, అయిపోయింది, చెవి. చూస్తుంటే మా అమ్మమ్మ వినాయక చవితికి పాలతాలికలు చేసే చేతులే గుర్తొచ్చాయి, తాడు చేసేదాకా నేను కూడా బానే చేశా, ఆవిడ "బ్రావా" అంది, పొంగిపోయా, చాకు పట్టుకున్నాక మొదలైంది అసలు కష్టం. నావి చెవులు కాదు, తొక్కేసిన శనక్కాయ తొక్కల్లా వచ్చాయి. గుంటూరోడివి అయితే ఆవిడ ఒకటి చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గర వెలుతుర్లో పెట్టి చూసింది, ఏమీ అనలేదు, పక్కన పెట్టేసింది. అందరికంటే బాగా చేసింది కరీంనగర్ అన్న, ఎలా అంటే "మా అవ్వకి సకినాలు సుట్టిచ్చేటోణ్ణి" అన్నాడు.

దాంతో వండేది చీమె ది రాపా అనే ఆకు. ఆవ జాతే, మొగ్గలతో సహా వాడతారు, ఆవాకు ఘాటు, కొంచెం చేదు. ఉప్పునీళ్ళలో ఆకు ఉడుకుతుండగానే పాస్తా అందులోనే పడేస్తారు, ఇంకో మూకుట్లో నూనె, వెల్లుల్లి, ఎండుమిరపకాయ వేయించి అందులోకి ఎత్తేస్తారు. మామూలుగా ఆ తాలింపులో ఆంకోవీ చేపలు కరిగిస్తారు, ముక్కగా కనపడవు, కరిగిపోతాయి, కాబట్టి వెజ్ వాళ్ళు గుర్తుపెట్టుకోండి, "కార్నే (మాంసం) లేదు కదా" అని అడిగితే లేదనే అంటారు, అబద్ధం కాదు, చేప వాళ్ళకి మాంసం కింద లెక్క కాదు. "సెంజా అచ్చూగె" (ఆంకోవీ లేకుండా) అని విడిగా చెప్పాలి. మా రూమ్మేట్ ఆ రెండు ముక్కలు సుప్రభాతంలా బట్టీ పట్టేసింది. ఇంకోటి చీజ్. పార్మెజానో అనే చీజ్‌కి పాలని దూడ పొట్టలోంచి తీసే రెన్నెట్‌తోనే విరగ్గొట్టాలని రూలు, అందుకని ఆమె అది ముట్టుకోదు, చాలా హోటళ్ళలో దీని దగ్గరే గొడవ. ఇక్కడ ఆ గొడవే రాలేదు. చీజ్ కొనే తాహతు లేనివాళ్ళు పాత బ్రెడ్ పొడి చేసి నూనెలో ఎర్రగా వేయించి పైన చల్లుకునేవాళ్ళంట, ఇప్పటికీ అదే చల్లుతున్నారు. నిజంగా చెప్తున్నా, చీజ్ కంటే అదే బావుంది, కరకరలాడుతూ.

మధ్యాహ్నం రేవు దగ్గరికి వెళ్ళాం, సముద్రంలో స్తంభాల మీద కట్టిన తెయాత్రో మార్గెరీతా అని పాత థియేటర్ ఉంది, దాని పక్కనే జాలర్లు పడవల మీంచి అమ్ముతుంటారు. ఆక్టోపస్‌ని రాతికేసి బాదుతారు, బట్టలుతికినట్టే, తర్వాత సముద్రపు నీళ్ళున్న తొట్టిలో గిరగిరా తిప్పుతూ రుద్దుతారు, కాళ్ళు ముడుచుకుని ఉంగరాలు తిరిగేదాకా. ఇదంతా వండటానికి కాదు, పచ్చిగా తినడానికి. "గిదేంది, పచ్చిదే నములుతున్రు" అని అన్న రెండడుగులు వెనక్కేశాడు. నేనూ గుంటూరోడూ చెరో ముక్క తిన్నాం, పైన నిమ్మకాయ కూడా లేదు, లేత కొబ్బరి నమిలినట్టుంది, ఉప్పటి కొబ్బరి. రెండో ముక్క వద్దన్నా. గొప్పలు పోవడం ఎందుకు, ఇది అందరికీ పడేది కాదు, కడుపు సంగతి కూడా చూసుకోవాలి.

రాత్రి ఎనిమిదిన్నరకి, ఈసారి వేళ తెలుసుకుని, స్పగెట్టి అల్ల అస్సాస్సీనా తినడానికి వెళ్ళాం. హంతకుడి స్పగెట్టి. బారీలోనే పుట్టింది, 1960ల నాటిది. పాస్తా ఉడకబెట్టరు, పచ్చి స్పగెట్టిని నేరుగా ఇనప మూకుట్లో నూనె, వెల్లుల్లి, మిరపకాయ, టొమాటోలో వేసి, టొమాటో కలిపిన పల్చటి నీళ్ళు గరిటె గరిటె పోస్తూ, అడుగంటేదాకా వదిలేసి, తిరగేసి, మళ్ళీ అడుగంటనిచ్చి, అలా మాడుస్తారు. మాడ్చడమే వంట. మన ఇళ్ళల్లో గిన్నె అడుగు మాడు కోసం కొట్టుకుంటాం చూడండి, వీళ్ళు గిన్నె మొత్తం మాడే చేసిపెట్టారు. కారం తగ్గించమంటారా అని సర్వర్ అడిగితే గుంటూరోడు మీసం మీద చెయ్యేసి నవ్వాడు. వచ్చాక మాత్రం మాట్లాడకుండా తిన్నాడు, చివర్లో "మనంత కాదు గానీ పర్లేదు" అన్నాడు, చెమట తుడుచుకుంటూ.

మూడో రోజు కారు అద్దెకి తీసుకున్నాం. బారీ పక్కనే బితోంతో దగ్గర ఆలివ్ గానుగ, అక్టోబర్ చివర అంటే కాయ దిగే కాలం, ట్రాక్టర్లలో డబ్బాలు డబ్బాలుగా వస్తున్నాయి, దూరం నుంచే పచ్చిగడ్డి కోసిన వాసన. ఎద్దులు, రోళ్ళు ఏమీ ఉండవు, అన్నీ స్టీలు మెషీన్లే, కాయ నలిగి ముద్దై, ముద్ద నెమ్మదిగా కలియబడి, చివరికి పైపులోంచి నూనె పడుతుంది, పసుపు కాదు, చిలకపచ్చ. వేడి 27 డిగ్రీలు దాటనివ్వకపోతేనే చల్లగా తీసిన నూనె అని సీసా మీద రాసుకోవచ్చంట. గ్లాసులో పోసిచ్చారు, తాగమని! కొరాటినా అనే రకం. నోట్లో ఏమీ లేదు, గొంతులో దిగాక ఒక్కసారిగా మంట, నలుగురం దగ్గులే దగ్గులు, గానుగాయన సంతోషంగా తలాడించాడు, దగ్గొస్తేనే మంచి నూనె అంట. అప్పటిదాకా సూపర్‌మార్కెట్‌లో మేం కొన్నది ఏంటో అని అనుమానం పట్టుకుంది. మూడు లీటర్ల డబ్బా కొన్నాం, అందరివీ క్యాబిన్ బ్యాగులే అన్న సంగతి ఆ క్షణాన ఒక్కరికీ గుర్తు రాలేదు.

ఆల్తమూరా అనే ఊరి బ్రెడ్ గురించి ఒక పేజీ రాయొచ్చు. ఒక్కో రొట్టె కిలో, చెక్కలాంటి పైపెంకు, లోపల పసుపు రంగు, పుల్లని పిండితో పులియబెట్టి చేస్తారు, 2003లో మన జీఐ ట్యాగ్ లాంటి యూరోప్ రక్షిత పేరు వచ్చింది, పెంకు 3 మిల్లీమీటర్లకి తగ్గకూడదని అందులో లెక్కుంది. పూర్వం ఇంట్లో పిండి కలుపుకుని ఊరుమ్మడి పొయ్యికి పంపేవాళ్ళు, ఎవరి రొట్టె ఎవరిదో తెలియడానికి ఇంటిపేరు అక్షరాల చెక్క ముద్ర వేసేవాళ్ళు. ఆ రొట్టె వారం దాకా పాడవదు, పొలానికి, గొర్రెల వెంట వెళ్ళేవాళ్ళకి అదే ఆధారం. గట్టిపడ్డాక పారెయ్యరు, నీళ్ళలో తడిపి, ఉల్లిపాయ, టొమాటో, ఉప్పు, నూనె వేసుకుని పొద్దున్నే తింటారు, చాల్లెద్దా అంటారు దాన్ని. చద్దన్నమే! ఉల్లిపాయ నంజుడుతో సహా. అన్న రెండు ప్లేట్లు లాగించి, తనే పెట్టిన రూల్ తనే తప్పి సాయంత్రం మతేరాలో మళ్ళీ ఆర్డర్ చేశాడు.

మతేరా పూల్యా కాదు, పక్క ప్రాంతం బజిలికాతా, గంటలోపు ప్రయాణం. కొండని తొలిచిన గుహల ఇళ్ళు, పశువులతో కలిసి జనం అందులోనే బతికేవాళ్ళు, 1952లో చట్టం చేసి ఖాళీ చేయించారు, ఇప్పుడవే హోటళ్ళు. ఊరు చూసి నోరు తెరిచాం కానీ నేను రాసేది తిండి గురించి కదా. అక్కడ ప్రతి కొట్టు ముందూ ఎర్రటి మిరపకాయల దండలు వేలాడుతున్నాయి, గుంటూరోడి మొహం చూడాలి, సొంతూరు యార్డుకి వెళ్ళినట్టు వెలిగిపోయింది. పెపెరోనె క్రుస్కో అంటారు, ఎండబెట్టి, కాగే నూనెలో నాలుగు క్షణాలు ముంచి తీస్తే అప్పడంలా విరుగుతాయి. చల్ల మిరపకాయలనుకుని ఒకేసారి నోట్లో వేసుకున్నాడు. తియ్యగా ఉంది. కారం సున్నా. "మోసం రా ఇది" అని తిడుతూనే గిన్నె ఖాళీ చేశాడు.

ఇక్కడే మాడిన గోధుమ పిండి పాస్తా కూడా తిన్నాం, గ్రానో ఆర్సో, బూడిద రంగు. కోతలయ్యాక పొలం కాల్చేస్తే, కూలీలు ఆ కాలిన దుబ్బుల్లో పరిగె ఏరుకునేవాళ్ళంట, ఆ మసిబారిన గింజలే పిండి పట్టించుకునేవాళ్ళంట. ఇప్పుడు కావాలని వేయించి చేస్తున్నారు, మామూలు పాస్తా 10 యూరోలైతే ఇది 14. రూమ్మేట్ చాలాసేపు ఏం మాట్లాడలేదు, వాళ్ళ తాతగారు కూడా వేరుశనగ చేలో పరిగె ఏరినవాడేనంట.

నాలుగో రోజు చిస్తెర్నీనో. తెల్లటి ఊరు, కసాయి కొట్లే రాత్రిపూట హోటళ్ళు. అద్దంలో మాంసం చూపించి తూకం చెప్పాలి, వాళ్ళు చువ్వలకి గుచ్చి పొయ్యిలో నిప్పుల పక్కన నిలబెట్టి కాలుస్తారు. బొంబెత్తె అని పంది మెడ మాంసం పల్చగా కోసి లోపల చీజ్ పెట్టి చుట్టిన ఉండలు, కొరికితే లోపల చీజ్ కారుతుంది, జాగ్రత్త, నాలుక కాల్చుకున్నా. ముగ్గురం కిలో అన్నాం, కొట్టాయన మా వంక చూసి కిలోన్నర పెట్టాడు, మిగల్లేదు. రూమ్మేట్‌కి ఇక్కడేం ఉంటుందిలే అనుకున్నా గానీ ఎదురు వీధిలో ఫావె ఎ చికోరియా దొరికింది. ఎండు బాకలా పప్పు మెత్తగా ఎనిపి, పక్కన ఉడికించిన చేదాకు, మీద పచ్చి ఆలివ్ నూనె. ముద్దపప్పు, ఆకుకూర, నెయ్యి బదులు నూనె, అంతే తేడా. ఒక స్పూన్ తిని కళ్ళు మూసుకుంది. నేను బొంబెత్తె వదిలేసి ఆమె కంచంలో చెయ్యి పెట్టా.

ఆఖరి రోజు లెచ్చె అనే ఊరికి. దారంతా రోడ్డుకి రెండు పక్కలా ఆలివ్ తోటలే, కానీ ఎండిపోయి, బూడిద రంగు మోడులు, కిలోమీటర్ల కొద్దీ. 2013లో బయటపడిన జైలెల్లా అనే బ్యాక్టీరియా తెగులు, వందల ఏళ్ళ చెట్లు పోయాయి. రెండు రోజుల క్రితమే కొత్త నూనె తాగి వచ్చిన మాకు కార్లో మాటలు ఆగిపోయాయి.

లెచ్చెలో పొద్దున టిఫిన్ పాస్తిచ్చొత్తో, లోపల వేడి కస్టర్డ్ ఉన్న చిన్న కజ్జికాయ అనుకోండి, ఆకారం వేరే. రూమ్మేట్ అడగాల్సిన ప్రశ్న అడిగింది, పిండిలో స్ట్రుట్టో, అంటే పంది కొవ్వు, అని తేలింది, పైగా కస్టర్డ్‌లో గుడ్డు. పాపం ఐసు ముక్కల మీద కాఫీ పోసి తియ్యటి బాదం పాలు కలిపిచ్చేది ఒకటుంది, అది రెండు గ్లాసులు తాగింది. మధ్యాహ్నం శనగల పాస్తా, చీచెరి ఎ త్రియా, సగం పాస్తా ఉడికిస్తారు, సగం నూనెలో వేయించి పైన కలుపుతారు, త్రియా అన్న మాట అరబ్బీ నుంచి వచ్చిందంట. శనగల కూరలో జంతికలు విరిచి వేసినట్టుంది, ఆమె ఆకలికి అది ఆగలేదు.

బ్రిందిసీ ఎయిర్‌పోర్టులో అసలు నాటకం. మూడు లీటర్ల నూనె క్యాబిన్‌లోకి రానివ్వరు కదా. వదిలేద్దామా, అక్కడే తాగేద్దామా అని చర్చ, చివరికి ఒక బ్యాగు చెకిన్ చేశాం, 45 యూరోలు, నూనె ఖరీదు కంటే ఎక్కువ. ఆ బ్యాగులోనే కిలో బియ్యం, మూత తియ్యని గోంగూర సీసా కూడా తిరిగొచ్చాయి. నూనె నాలుగు సీసాల్లోకి పంచుకున్నాం, కందిపొడిలోకి వేసుకుంటున్నా రోజూ, గొంతులో ఆ మంట ఇంకా అలాగే ఉంది. గుంటూరోడు ఇనప మూకుడు కొన్నాడంట, శనివారం వాళ్ళింట్లో స్పగెట్టి మాడుస్తున్నాడు, పొగ అలారం బ్యాటరీ ముందే తీసిపెట్టమని అన్న మెసేజ్ పెట్టాడు.